ఆకుపచ్చ అక్షరాల మెచ్చుకోలు

హరికిషన్‌ను కొట్టి చంపిన శనివారం పొద్దున ఆయన మెట్టుగూడలో, మెట్రో స్తంభాల కింద, బండి దగ్గర నిలబడి ఇడ్లీ తింటున్నాడు. బడి మైదానంలో పిల్లలను పరుగెత్తించి, స్నానానికి ఇల్లు చేరే ముందు అక్కడ ఆగడం ఆయనకు అలవాటు. మెడలోంచి ఈల తాడు ఇంకా తీయలేదు. చుట్టూ తింటున్నవాళ్లలో సగం మంది తెలిసినవాళ్లే. వాళ్ల పిల్లలకు ఆయనే పీఈటీ సారు.

ఉన్నట్టుండి ఫోన్లు మోగాయి. ఒకరిది కాదు, అక్కడున్న తల్లిదండ్రులందరివీ ఒక్కసారే. బడి వెబ్‌సైటులో ఏ నోటీసు పెట్టినా అది వెంటనే అందరి ఫోన్లకూ దానంతట అదే వెళ్లే ఏర్పాటు ఉంది. సెలవు సంగతైనా, పరీక్ష సంగతైనా అట్లాగే వస్తుంది. అట్లా వచ్చినదాన్ని అనుమానించాలని ఎవరికీ ఎప్పుడూ తోచలేదు. ఆ రోజు వచ్చిన నోటీసులో హరికిషన్ ఫోటో ఉంది. విద్యార్థినులతో అసభ్యంగా ప్రవర్తించినట్టు రుజువైనందున ఈ వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి విధుల నుంచి తొలగించడమైనదని, తల్లిదండ్రులు జాగ్రత్త వహించాలని దాని కింద రాసి ఉంది.

బండికి ఎదురుగా బిక్షం వెల్డింగ్ షాపు. గేట్లు, కిటికీ గ్రిల్లులు చేస్తాడు. ఆయన కూతురు హరికిషన్ దగ్గర పరుగు నేర్చుకుంటోంది. బిక్షం నోటీసు చదివి తల ఎత్తాడు. ఫోటోలో ఉన్న మనిషి రోడ్డుకు అవతల మళ్లీ కొంచెం చట్నీ వేయించుకుంటున్నాడు. ఆలోచన పుట్టడానికి ఆ రోడ్డు వెడల్పు చాలలేదు.

"నా బిడ్డను చీకటుండంగనే నీ కాడికి తోల్తున్న గదరా," అన్నాడు బిక్షం.

హరికిషన్‌కు అర్థం కాలేదు. ఏమైందన్నా అని నవ్వబోయాడు. బిక్షం చేతిలోని ఇనుప పట్టీ నోటి మీద పడింది.

ఆ తరువాత జరిగినదానికి వీడియో ఉంది. హరికిషన్ భార్య నవత దాన్ని ఒక్కసారే చూసింది, పూర్తిగా చూసింది. ఆమె సికింద్రాబాద్ స్టేషన్‌లో టికెట్ కౌంటర్‌లో పనిచేస్తుంది. ఆ పొద్దున డ్యూటీలోనే ఉంది. టీ తాగడానికి లేచినప్పుడు ఏదో గ్రూపులో ఆ వీడియో కనబడింది. మంచి పని చేసిండ్రు అని దాని మీద ఎవరో రాశారు. చొక్కా చూసి గుర్తుపట్టింది. ముందురోజు సాయంత్రం ఆ చొక్కాను ఇస్త్రీ చేసింది ఆమే.

రెండో దెబ్బ మోకాలి మీద. ఆయన పడ్డాక కొట్టింది బిక్షం ఒక్కడు కాదు. ఆ బడి మొహం ఎన్నడూ చూడనివాళ్లు కూడా బండ్లు ఆపి దిగారు, ఏమైందని అడగకుండానే చెయ్యి కలిపారు. ఒకతను హెల్మెట్‌తో కొట్టాడు. ఇంకొకతను ఇడ్లీ బండి మీది సాంబారు గిన్నె ఎత్తి, మరుగుతున్నది మరుగుతున్నట్టే తల మీద పోశాడు. హరికిషన్ చేతులు జోడించాడు. ఆ చేతుల మీదనే కొట్టారు. స్తంభం వెనక్కి పాకబోతే కాలు పట్టి లాగారు. ఈల తాడు మెడకు బిగిసింది. ఒకడు దాన్ని కళ్లెం పట్టినట్టు పట్టి లాగాడు. ట్రాఫిక్ కానిస్టేబుల్ వచ్చేసరికి వాళ్లు కొడుతున్నది ఎప్పుడో కదలడం మానేసిన మనిషిని.

మధ్యాహ్నానికి నోటీసు వెబ్‌సైటు నుంచి మాయమైంది. దాన్ని పెట్టమని తాము ఎవరికీ చెప్పలేదని బడి కరస్పాండెంటు రామభద్రరావు పోలీసులకు చెప్పాడు. కంప్యూటర్ లెక్క ప్రకారం అది ఆఫీసులో పనిచేసే క్యారల్ పేరు మీద వెళ్లింది. పోలీసులు క్యారల్‌ను పిలిచి పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చోబెట్టారు, మరునాడు మళ్లీ పిలిచారు. ఆమె ఏడుస్తూ ఒకటే మాట చెప్పింది, తాను పెట్టలేదని. ఎందుకు పెట్టింది, ఎవరు పెట్టించారు అన్నది వాళ్లకు తేలలేదు. బిక్షంతో పాటు వీడియోలో మొహాలు కనబడినవాళ్లను అరెస్టు చేశారు. కొన్నాళ్లకు బెయిలు మీద ఒక్కొక్కరే ఇంటికి వచ్చారు.

మెట్టుగూడ మాత్రం తన లెక్క తాను వేసుకుంది. నిప్పు లేనిదే పొగ రాదు కదా అన్నారు. మనిషి పోయాడు కాబట్టి పెళ్లాం పిల్ల మొహం చూసి నోటీసు తీసేసి ఉంటారన్నారు. ఆ మాట కూరగాయల బండి దగ్గర పుట్టి, చర్చి వీధి దాటి, రైల్వే క్వార్టర్ల దాకా పోయింది. పోయిన చోటల్లా నిజమై కూర్చుంది. దినాలకు వచ్చిన చుట్టాలు కూడా నవత మొహం చూసి మాట్లాడలేదు. అన్నం తిని, చేతులు కడుక్కుని, పొద్దు ఉండగానే వెళ్లిపోయారు.

కూతురు సృజన అదే బడిలో ఎనిమిదో తరగతి. మళ్లీ బడికి పోయిన మొదటి వారంలోనే పక్క బెంచీ పిల్ల ఆమె చెవిలో అడిగింది. "మీ డాడీ నిన్ను సుత అట్లనే చేసేటోడా?" సృజన జామెట్రీ పెట్టెలోంచి డివైడర్ తీసి, బెంచీ మీదున్న ఆ పిల్ల చేతిలోకి దింపింది. రెండు మొనలూ అరచేతి అవతలకు వచ్చాయి. టీచరు వచ్చి లాగేదాకా దాన్ని వదలలేదు. బడివాళ్లు ఆ రోజే టీసీ చేతిలో పెట్టారు. ఇంటికి వచ్చాక నవత కూతురు వేళ్ల సందుల్లో ఎండిన రక్తాన్ని కడిగింది. ఎందుకు చేశావని అడగలేదు. మీ డాడీ అట్లాంటోడు కాదమ్మా అని చెప్పబోయి ఆగిపోయింది. ఆ మాట తల్లి చెప్తే చాలదని పిల్ల కళ్లు ముందే చెప్పేశాయి. అది నోటీసు వచ్చిన చోటు నుంచే రావాలి. వచ్చినట్టే అందరి ఫోన్లలో మోగుతూ రావాలి. అప్పటి నుంచి నవతకు వేరే కోరిక లేకుండా పోయింది.

క్యారల్ ఒక మధ్యాహ్నం ఆమె ఇంటికి వచ్చింది. ఆమెది రైల్వే కుటుంబం, పుట్టి పెరిగింది మెట్టుగూడ క్వార్టర్లలోనే. వెంట నీహారిక అనే అమ్మాయిని తీసుకొచ్చింది. ఒకప్పుడు ఆ బడిలో హరికిషన్ దగ్గర లాంగ్‌జంప్ నేర్చుకున్న పిల్ల. ఇప్పుడు వెబ్‌సైట్లలో దొంగలు దూరే సందులు ఎక్కడున్నాయో వెతికి చెప్పే కంపెనీలో ఉద్యోగం. క్యారల్ గడప దాటడానికి వెనకాడింది. నవత లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. చివరికి నీహారికే చెప్పులు విడిచి లోపలికి వచ్చి, నేల మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచింది.

బడి వెబ్‌సైటులో తల్లిదండ్రులు తమ మాట రాసి పంపడానికి ఒక పెట్టె ఉంది. వచ్చినవాటిని క్యారల్ రోజూ పొద్దున ఆఫీసు లాగిన్‌తో తెరిచి, చదివి, మంచివి వెబ్‌సైటు మీద పెట్టేది. అవి అందరికీ కనబడేవి. రామభద్రరావుకు ఆ మెచ్చుకోళ్లంటే ప్రాణం. బడికి ఎవరు వచ్చినా గోడ మీది పెద్ద టీవీలో అవే చూపించేవాడు. అయితే అన్నీ నల్ల అక్షరాల్లో చావు కబురులా ఉన్నాయని, తల్లిదండ్రులు ఎర్ర రంగులో, పచ్చ రంగులో, పూల బొమ్మలు పెట్టి రాసుకునే వీలు ఉండాలని ఆయన పట్టుబట్టాడు. వెబ్‌సైటు చేసినవాళ్లు ముందు వద్దన్నారట. ఆయన వినలేదు. చేసి పెట్టారు.

"రంగులు రావాలంటే ఆ పెట్టెకున్న జల్లెడ తీసెయ్యాలె ఆంటీ," అంది నీహారిక. "తీసేసిండ్రు. ఇగ అందులో మాటలే కాదు, కంప్యూటర్‌కు ఆర్డర్లు సుత రాసి పంపొచ్చు. పైకి మెచ్చుకోలు కనబడ్తది, ఆర్డరు లోపల దాక్కుంటది. చదివేటోళ్లు పేజీ తెరిచిండ్రా, వాళ్ల లాగిన్ మీదనే ఆ ఆర్డరు నడుస్తది. వాళ్లు ఏం చేయగలిగితే అదంత చేస్తది. వాళ్లకు తెల్వను గూడ తెల్వదు."

"ఓపెన్ చేసిన, నవతా. చదివిన. అంతే," అంది క్యారల్. "చదివి సంతోషపడ్డ కూడా."

నీహారిక ఆ మెచ్చుకోలును చూపించింది. బడివాళ్లు నోటీసును తీసేశారు గానీ దీని మీద వాళ్లకు అనుమానం రాలేదు. ఇంకా వెబ్‌సైటులోనే ఉంది. ఆకుపచ్చ అక్షరాలు, చివర గులాబీ పూలు. పీఈటీ హరికిషన్ సార్ చాలా మంచివారు, మా బాబు ఇప్పుడు రోజూ పొద్దున్నే లేచి పరుగెత్తుతున్నాడు, సార్‌కు మా కుటుంబం తరఫున ధన్యవాదాలు. నీహారిక ఏదో నొక్కింది. ఆ పచ్చ అక్షరాల వెనకాల దాచిన రాత బయటపడింది. నోటీసులోని ప్రతి మాటా అందులో ఉంది. హరికిషన్ ఫోటోను ఎక్కడి నుంచి తెచ్చి అతికించాలో ఆ చిరునామా కూడా ఉంది.

అది సికింద్రాబాదులోనే కార్ఖానా అనే పేటలో ఉన్న ఒక ఫోటో స్టూడియో వెబ్‌సైటు. దాన్ని నడిపేది రాహుల్ అనే కుర్రాడు. బడి వెబ్‌సైటు చేసినవాళ్ల దగ్గర ఇంతకుముందు పనిచేశాడు. పెట్టెకు జల్లెడ లేదన్న సంగతి అతనికి అందుకే తెలుసు.

ఆ పేరు నవతకు కొత్త కాదు. ఎండాకాలం సెలవులకు ముందు ఒక సాయంత్రం హరికిషన్ కందిన అరచేతితో ఇంటికి వచ్చాడు. ఆటల బట్టల్లో ఉన్న ఆడపిల్లలను బడి గోడ మీంచి ఫోన్‌లో తీస్తుంటే ఒకణ్ణి పట్టుకున్నానన్నాడు. రాహుల్ అట పేరు. ఫోన్‌ను గోడకేసి కొట్టి, పిల్లలందరి ముందు మోకాళ్ల మీద కూర్చోబెట్టి, ముక్కులోంచి రక్తం కారేదాకా చెంపలు వాయించానని చెప్పాడు. చెప్తూ నవ్వాడు. పోలీసులకు పట్టిస్తే సరిపోయేది కదా, అట్ల కొట్టుడేందని నవత అంది. గిసుంటోళ్లకు చెయ్యి భాషనే ఎక్కుతది అన్నాడు ఆయన. ఆయన చెయ్యి కొంచెం బరువైనదే. మైదానంలో పిల్లలకు కూడా తెలుసు.

నవత నీహారికను వెంటబెట్టుకుని రామభద్రరావు దగ్గరకు వెళ్లింది. ఆయన కోస్తా నుంచి వచ్చి సికింద్రాబాదులో బడి పెట్టి నిలబెట్టుకున్న మనిషి. కుర్చీలోంచి లేచి, కాఫీ తెప్పించి, ఇద్దరూ చెప్పినది ఓపికగా విన్నాడు. తరువాత కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"చూడమ్మా, హరికిషన్ నాకు కొడుకులాంటివాడు. కానీ ఇప్పుడు అడ్మిషన్లు జరుగుతున్నాయి. మా వెబ్‌సైటులో దారిన పోయేవాడు ఏదైనా రాసుకోవచ్చని మేమే చాటుకుంటే, రేపు మార్కులు కూడా ఎవరో దిద్దారంటారు. ఆ కుర్రాణ్ణి పోలీసుల ముందు ఒప్పుకోనివ్వండి. అదే చోట, అంతే పెద్దగా, మా తప్పని నేనే రాయిస్తాను. మాట ఇస్తున్నాను."

జల్లెడ సంగతేమిటని నీహారిక అడిగింది. చూద్దాంలే అమ్మా అన్నాడు ఆయన.

పోలీస్ స్టేషన్‌లో ఎస్సై నీహారిక చెప్పినదంతా రాసుకున్నాడు. స్టూడియో వెబ్‌సైటులో ఫోటో ఉన్నంత మాత్రాన ఆ రాత రాసింది వాడేనని కోర్టు ఒప్పుకోదన్నాడు. వాణ్ణి తెచ్చి అడుగుతామని, వాడి ఫోన్, కంప్యూటర్ పట్టుకుంటామని, వాడు నోరు విప్పితే అంతా తేలుతుందని చెప్పాడు. సోమవారం పట్టుకొస్తామన్నాడు. అది శుక్రవారం. ఆ రాత్రి నవతకు చాలా రోజుల తరువాత కన్ను మూతపడింది.

బెయిలు మీద వచ్చినప్పటి నుంచి బిక్షం రోజూ పొద్దున వచ్చి ఆమె ఇంటి మెట్టు మీద కూర్చునేవాడు. ఏమీ అడిగేవాడు కాదు. మొదటి రోజు నవత చీపురు తిరగేసి వీపు మీద కొట్టింది. అతను కదలలేదు. చీపురు పుల్లలు విరిగి మెట్ల మీద పడ్డాయి. ఇంకో రోజు అంట్లు తోమిన నీళ్లు మీద కుమ్మరించింది. తడి చొక్కాతోనే కాసేపు కూర్చుని, లేచి షాపుకు వెళ్లాడు. మరునాడు మళ్లీ వచ్చాడు. అతని కూతురు పరుగు మానేసింది. ఆ నోటీసు నిజమా అని తండ్రి ఆ పిల్లను అడిగింది హరికిషన్ చచ్చిపోయిన తరువాత. ఆమె కాదంది. సార్ మమ్మల్ని పేరు పెట్టి పిలుస్తూ దూరంగా నిలబడి ఈల వేసేవాడు, అంతే అంది. ఆ పిల్ల అప్పటి నుంచి తండ్రి చేతి అన్నం ముట్టడం లేదని వీధిలో చెప్పుకున్నారు.

నవత అతనితో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆదివారం పొద్దున మాట్లాడింది. ఎందుకు మాట్లాడిందంటే, అతను తెలియక కూర్చోవడం ఆమెకు సహించలేదు. తానేం చేశాడో మొత్తం తెలిసి కూర్చోవాలి. ఇనుప పట్టీ తగిలినట్టు తగలాలి. వాకిట్లో నిలబడి మొత్తం చెప్పింది. పచ్చ అక్షరాలు, వాటి వెనక రాత, క్యారల్ అమాయకంగా తెరవడం, అన్నీ చెప్పింది.

"నువ్వు సదివిన దాంట్ల ఒక్క ముక్క నిజం లేదు. ఒక దొంగ నాకొడుకు ఆడిచ్చిండు, నువ్వు ఆడినవ్," అంది.

బిక్షం తన అరచేతులు చూసుకున్నాడు. తరువాత నెమ్మదిగా అడిగాడు. "పేరేంది చెల్లె వానిది?"

పేరు చెప్పనవసరం లేదు. ఆ సంగతి నవతకు అప్పుడే తెలుసు. చెప్పకుండా లోపలికి వెళ్లి తలుపు వేసుకోవచ్చు. ఆమె పేరు చెప్పింది. కార్ఖానాలో స్టూడియో ఎక్కడుందో అది కూడా చెప్పింది.

లోపలికి వచ్చి బియ్యం కడిగింది. కడిగిన నీళ్లు పారబోసి, మళ్లీ పోసి, మళ్లీ కడిగింది. అప్పుడు చేతులు ఆగిపోయాయి. బయటకు పరుగెత్తింది. మెట్టు ఖాళీగా ఉంది. వెల్డింగ్ షాపు షట్టరు సగం ఎత్తి ఉంది, లోపల ఎవరూ లేరు. ఇడ్లీ బండి దగ్గర గుంపు పలచబడి ఉంది. ఇప్పుడే ట్రాలీ ఆటోలో ఎక్కి పోయిండ్రు అక్కా, అన్నాడు బండివాడు. ఆమె మొహంలోకి చూడలేదు. బెయిలు మీద వచ్చినవాళ్లు ఆదివారం సంతకాలకు పోలీస్ స్టేషన్‌కు పోవడానికి అక్కడ చేరారని, అందరూ ఎక్కారని చెప్పాడు.

స్టేషన్‌కు ఫోన్ చేస్తే ఎస్సై ఎత్తలేదు. ఎవరో కానిస్టేబుల్ ఎత్తి, కార్ఖానా తమ పరిధి కాదని, అక్కడి వాళ్లకు చెప్తామని అన్నాడు. నవత ఆటో ఎక్కింది. సంగీత్ చౌరస్తా దగ్గర బండ్లు ఆగిపోయి ఉంటే దిగి పరుగెత్తింది, ముందు ఇంకో ఆటో పట్టుకుంది.

స్టూడియో మొదటి అంతస్తులో. కింద రోడ్డు మీద అప్పటికే జనం. పైన కిటికీ అద్దం పగిలి ముక్కలు మెట్ల మీద పడి ఉన్నాయి. లైట్ల గొడుగులు, పెళ్లి ఆల్బమ్‌లు, ఒక కంప్యూటర్ అన్నీ కిటికీలోంచి విసిరినట్టున్నారు, నేల మీద చితికిపోయి ఉన్నాయి. పోలీసులు పట్టుకుంటామన్న కంప్యూటర్ అదే. ఒకడు దాని మీద రాయి ఎత్తి వేస్తున్నాడు. వేసిన ప్రతిసారీ చుట్టూ ఉన్నవాళ్లు అరుస్తున్నారు.

రాహుల్‌ను జుట్టు పట్టి మెట్ల మీంచి ఈడ్చుకొచ్చారు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లు ఉంటాయి. సన్నగా ఉన్నాడు, ఒంటి మీద బనీను చిరిగి వేలాడుతోంది. ఒక చెవి సగం ఊడింది. నవత జనాన్ని తోసుకుంటూ లోపలికి పోయింది. హెల్మెట్‌తో కొట్టిన మనిషి మళ్లీ హెల్మెట్‌తోనే కొడుతున్నాడు. వీడియోలో చూసిన మొహాలే అన్నీ. ఆనాడు ఎంత నమ్మకంగా కొట్టారో అంతే నమ్మకంగా కొడుతున్నారు. ఆడపిల్లలను ఎత్తుకుపోయేవాడట అని పక్కన ఒకామె ఎవరికో చెప్తోంది. ఎవరు చెప్పారో ఆమెకు కూడా తెలియదు.

వాడు కింద పడి ముడుచుకున్నాడు. ఇద్దరు చేతులు పట్టి లాగి వెల్లకిలా పడుకోబెట్టారు. ఒకడు కుడి చెయ్యిని రాయి మీద పెట్టి వేళ్ల మీద కాలితో తొక్కాడు. రాసింది ఈ చెయ్యే గదరా అన్నాడు. వేళ్లు విరిగిన చప్పుడు నవతకు వినబడింది.

ఆ క్షణంలో ఆమెకు జాలి కలగలేదు. దాన్ని ఆమె తరువాత కూడా తన దగ్గర దాచుకోలేదు. ఇంకొంచెం పడనీ అనిపించింది. హరికిషన్ చేతులు జోడించింది గుర్తొచ్చి, వీడు కూడా జోడించాలని, జోడించిన చేతుల మీద పడాలని అనిపించింది. అట్లా ఎంతసేపు నిలబడిందో ఆమెకు తెలియదు. బిక్షం పెద్ద సుత్తె పట్టుకుని ముందుకు రావడం చూసింది. ఆ సుత్తె వాడి తల మీద పడితే వాడి నోటి నుంచి ఇక ఏ మాటా రాదని అప్పుడు తోచింది.

నవత వాడి మీద పడింది. ఎవరి కర్రో ఆమె భుజం మీద పడి చెయ్యి జివ్వుమంది. ఇంకొకరి కాలు నడుములో తగిలింది. ఎవరబ్బా ఈమె, లాగండి, వాని తల్లి అనుకుంట అన్నారు. ఆమె వాడి తలను రెండు చేతులతో కప్పి, పైకి చూసి బిక్షంతో చెప్పింది.

"వీణ్ణి సంపితే నా మొగని మీద ముద్ర గట్లనే ఉండిపోతది, అన్నా. వీడు ఒక్కడే చెప్పాలె. వీడు ఒక్కడే."

అతణ్ణి అన్నా అని పిలవడం అదే మొదటిసారి. బిక్షం ఆగాడు. సుత్తె చేతిలోనే ఉంది, కిందికి వాలింది. కానీ మిగతావాళ్లు ఆగలేదు. ఆమెను పక్కకు ఈడ్చారు. వెనక నుంచి ఎవరో విసిరిన రాయి రాహుల్ కణత మీద పడింది. తరువాత ఇంకొకటి, దవడ మీద. పోలీసు జీపు చప్పుడు వినబడ్డాక గానీ జనం చెదరలేదు. బిక్షం మాత్రం పారిపోలేదు. సుత్తె కింద పెట్టి దాని పక్కనే కూర్చున్నాడు.

నవత పాకుతూ రాహుల్ దగ్గరకు వెళ్లింది. బతికి ఉన్నాడు. ఒక కన్ను తెరుచుకుని ఉంది. ఆమె కొంగుతో వాడి నోరు తుడిచింది. పళ్లు కొంగులోకి వచ్చాయి. ఫోన్ తీసి రికార్డు నొక్కి వాడి మొహం దగ్గర పెట్టింది.

"చెప్పు బిడ్డా. నోటీసు నువ్వే రాసినవని చెప్పు. జెర ఒక్క మాట చెప్పు. నిన్ను ఎవ్వరు ఏమనరు."

వాడి నోరు కదిలింది. రక్తం బుడగలుగా వచ్చింది. ఆ కన్ను ఆమెను చూసింది, ఆమె ఎవరో తెలిసినట్టే చూసింది. గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది గానీ అది మాట కాదు. కానిస్టేబుల్ ఆమె భుజం పట్టి వెనక్కి జరిపాడు. ఫోన్‌లో ఉన్నది అంతే. తరువాత నీహారిక దాన్ని చెవికి పెట్టుకుని చాలాసార్లు విన్నది. ఏమీ లేదంది.

రాహుల్ చావలేదు. తల ఎముక పగిలింది, దవడ మూడు చోట్ల విరిగింది. ఆపరేషన్ చేశారు. కళ్లు తెరుస్తాడు, మూస్తాడు. తల్లిని గుర్తుపట్టడు. ఆ తల్లి ఆసుపత్రి వరండాలో నవతను చూసి మీద పడింది, గోళ్లతో మెడ మీద గీరింది. నా కొడుకు పేరు చెప్పింది నువ్వే గదనే అంది. నవత చేతులు అడ్డం పెట్టలేదు. నర్సులు వచ్చి విడదీశారు. ఇంకో రోజు నవత మళ్లీ వెళ్లింది, వాణ్ణి చూడటానికి. వాడు మంచం మీద ఉన్నాడు. మేజిస్ట్రేటు వచ్చి వాంగ్మూలం తీసుకునే స్థితిలో లేడని డాక్టర్లు రాసి ఇచ్చారు.

చితికిన కంప్యూటర్ నుంచి గానీ, ఆ తొక్కిసలాటలో ముక్కలైన ఫోన్ నుంచి గానీ పోలీసులకు ఏదీ దొరకలేదు. నీహారిక దగ్గర ఆ పచ్చ అక్షరాల నకలు ఉంది. నకలును ఎవరైనా తయారు చేయవచ్చని బడి లాయరు అన్నాడు. అసలు ఎక్కడుందని ఎస్సై అడిగాడు. అప్పటికి రామభద్రరావు పాత వెబ్‌సైటును మొత్తం తీసేయించి కొత్తది పెట్టించాడు. మెచ్చుకోళ్లన్నీ దాంతో పాటే పోయాయి. కొత్తదానికి కూడా అట్లాంటి పెట్టె ఉంది. రంగులు కూడా ఉన్నాయి. జల్లెడ ఉందో లేదో నీహారిక అడిగితే మీకు సంబంధం లేదన్నారు. క్యారల్‌ను ఉద్యోగం నుంచి తీసేశారు. ఆమె ఇప్పుడు బొల్లారంలో తమ్ముడింట్లో ఉంటోంది, ఫోన్ మోగితే ఎత్తదు.

నవత ఇంకొకసారి రామభద్రరావు దగ్గరకు వెళ్లింది. ఆయన ఈసారి కుర్చీలోంచి లేవలేదు. మాట తప్పేవాణ్ణి కాదమ్మా అన్నాడు. ఆ అబ్బాయి ఒప్పుకుంటే రాయిస్తానన్నాను, ఇప్పటికీ అదే అంటున్నాను, ఒప్పుకోలేదు కదా అన్నాడు. ఒప్పుకునే నోరు లేకుండా పోయిందని ఆమె చెప్పింది. అది తన చేతుల్లో ఉన్న పని కాదన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు. ఆ నోరు ఎవరి మాటతో పోయిందో నవతకు తెలుసు.

సృజనను లాలాపేటలో సర్కారు బడిలో చేర్పించింది. అక్కడి పిల్లలకు ఇంకా ఏమీ తెలియదు. తండ్రి ఏం చేసేవాడని అడిగితే చనిపోయాడని మాత్రం చెప్తుందట. ఎట్లా చనిపోయాడని అడిగితే లేచి బయటకు పోతుందట. టీచరు కబురు పంపితే నవత వెళ్లి విన్నది. తల ఊపి వచ్చేసింది.

బిక్షం మళ్లీ జైల్లో ఉన్నాడు. కేసులు రెండూ నడుస్తున్నాయి. రాహుల్ వాంగ్మూలం ఇంకా తీసుకోలేదు. హరికిషన్ ఏ తప్పూ చేయలేదని బడి ఇంతవరకూ ఎక్కడా రాయలేదు.